పదం ఎక్కడ ముగుస్తుంది? యాంత్రిక పూర్తిపదాన్వేషణపై ఒక అభ్యంతరం

తెలుగు పరిశోధన వ్యాసాల్లో కొంతకాలంగా ఒక కొత్తరకం వాక్యం స్థిరపడుతోంది. “ఈ పదం ఈ రచనలో ఇన్నిసార్లు ప్రయుక్తమైంది” అన్నది ఆ వాక్యం. దాని కింద ఒక పట్టిక, పట్టిక కింద ఒక నిర్ణయం ఉంటాయి. ఆ అంకె ఎలా వచ్చిందో, ఏ సాధనంతో వెతికారో, వెతకడానికి ఇచ్చిన ఆదేశం అక్షరాలా ఏమిటో చెప్పే మాట మాత్రం కనిపించదు. తాళపత్ర పాఠం విషయంలో ఏ ప్రతి, ఎక్కడిది, పాఠభేదాలేమిటి అని నిలదీసే మన విభాగాలు యంత్రం ఇచ్చిన అంకెను ఒక్క ప్రశ్న లేకుండా స్వీకరిస్తున్నాయి. ఈ వ్యాసం ఆ స్వీకారంపై అభ్యంతరం. యంత్రం ‘పూర్తి పదం’ అని దేనిని అంటున్నదో తెలియకుండా చేసిన పదగణన తెలుగు విషయంలో సాక్ష్యం కాదని నా వాదన. ఆ నిర్వచనాన్ని రాయవలసింది సాంకేతిక నిపుణులు కాదు, మనమేనన్నది దాని కొనసాగింపు.

ఈ అభ్యంతరాన్ని ముందుగా నా రాతపైనే చూపడం న్యాయం. మాది సంతబొమ్మాళి మండలం. పలాస, టెక్కలి, ఉద్దానం తీరం నేపథ్యంగా వచ్చిన కథలను, వ్యాసాలను నా సిద్ధాంత గ్రంథం కోసం యూనికోడులో ఎక్కించుకున్నాను. కంప్యూటరు కమాండ్ లైనులో నడిచే ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు రాసి, ‘ఉద్దానం’ అనే మాటను పూర్తిపదంగా వెతికాను. దొరికిన ప్రయోగాలన్నీ ఒకే తీరులో ఉన్నాయి: ఉద్దానంలో, ఉద్దానంలోని, ఉద్దానంనుంచి. ‘ఉద్దానం’ అన్న శుద్ధ ప్రథమావిభక్తి రూపం ఒక్కచోటా లేదు. నేను సంబరపడ్డాను. ఈ సాహిత్యంలో ఉద్దానం ఎప్పుడూ అధికరణమే గాని కర్త కాదని, మనుషులు దానిలో బతుకుతారే తప్ప అది తనంత తానుగా ఏ క్రియకూ కర్తృత్వం వహించదని ఒక పేజీ రాశాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని తాకి కొబ్బరి, జీడి తోటలను పడగొట్టిన తరువాతి రచనలకు ఆ నిర్ణయాన్ని అన్వయించాను. అధ్యాయంలో అందరూ మెచ్చుకున్న పేజీ అదే.

అచ్చుతప్పులు సరిచూస్తూ మా నాన్నకు ఒక కథ చదివి వినిపిస్తున్నప్పుడు ఆ పేజీ కూలిపోయింది. ఆ కథ మొదటి వాక్యంలోనే ఉద్దానం కర్త. తరువాతి పుటలోనూ కర్తే. యంత్రం చూడలేదు. చూడలేదనడం కూడా సరికాదు. చూసి, అది పూర్తిపదం కాదని తోసిపుచ్చింది. ‘ఉద్దానంలో’ అన్నదాన్ని మాత్రం, అందులో ‘ఉద్దానం’ పూర్తిపదంగా ఉందని లెక్కించింది.

ఇలా ఎందుకు జరిగిందో వివరంగా చెప్పుకోవాలి. ఇది పొరపాటున జరిగినది కాదు. నియమం ప్రకారమే జరిగింది.

పాఠంలో ఒక ఆకృతిని వెతకడానికి వాడే సంకేతభాషను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు అంటారు, వాడుకలో రెగెక్స్. స్టీఫెన్ క్లీనీ 1950లలో గణితశాస్త్రంలో ప్రతిపాదించిన భావన ఇది. 1968లో కెన్ థాంప్సన్ దానిని పాఠాన్వేషణకు అన్వయించే పద్ధతిని ప్రకటించారు. యూనిక్స్ వ్యవస్థలో ఆయన రూపొందించిన గ్రెప్ అనే సాధనం నేటికీ కమాండ్ లైనులో వెతుకులాటకు పర్యాయపదం. ఇందులో పూర్తిపదాన్ని మాత్రమే పట్టడానికి ఒక సంకేతం ఉంది. వెనక్కి వాలిన గీత పక్కన ఇంగ్లీషు ‘బి’ రాస్తే అది పదసరిహద్దు. మాటకు ముందొకటి, వెనకొకటి పెడితే ఆ మాట పూర్తిపదంగా ఉన్నచోటే దొరకాలి. గ్రెప్‌లో అయితే ‘డబ్ల్యూ’ అనే ఐచ్ఛికాన్ని చేర్చినా చాలు.

సరిహద్దు అంటే ఏమిటి? యంత్రానికి పదం తెలియదు. దానికి తెలిసినవి రెండే జాతులు: ‘పదాంగమైన అక్షరం’, ‘పదాంగం కానిది’. ఒక జాతి ముగిసి రెండోది మొదలయ్యే చోటే సరిహద్దు. ఇంగ్లీషు రాతలో దీనివల్ల చిక్కు లేదు. అచ్చులూ హల్లులూ సమాన హోదాగల అక్షరాలు. పదం చివర ఖాళీయో విరామచిహ్నమో ఉంటుంది. తెలుగు రాతలో అచ్చు హల్లును ఆశ్రయించి గుణింతపు గుర్తుగా నిలుస్తుంది. యూనికోడ్ ఈ గుర్తులను, సున్నను, విసర్గను, హలంతపు పొల్లును ‘అక్షరం’ అన్న వర్గంలో గాక ‘చిహ్నం’ అన్న వర్గంలో పెట్టింది. పైథాన్ భాషలో అందరూ వాడే రెగెక్స్ గ్రంథాలయం అక్షరాలను, అంకెలను, అధోరేఖను మాత్రమే పదాంగాలుగా గుర్తిస్తుంది. చిహ్నాలకు అందులో చోటులేదు. దాని దృష్టిలో తెలుగు గుణింతం, కామా, ఖాళీ ఒకే జాతి.

ఇప్పుడు ‘ఉద్దానం’ చివర చూడండి. సున్న పదాంగం కాదు. దాని తరువాతి ఖాళీ కూడా కాదు. జాతి మారలేదు కనుక సరిహద్దు లేదు. సరిహద్దు లేదు కనుక పదం పూర్తికాలేదు. ‘ఉద్దానంలో’ అన్నచోట సున్న తరువాత ‘ల’ అనే అక్షరం వచ్చింది. జాతి మారింది, సరిహద్దు పుట్టింది, యంత్రం సంతృప్తి పడింది.

దీని పర్యవసానం ఒక్క మాటకు పరిమితం కాదు. మా ప్రాంతపు మండలాల పేర్లు ఒక్కొక్కటిగా ఈ పద్ధతిలో వెతికితే పలాస దొరుకుతుంది, మందస దొరుకుతుంది, సోంపేట దొరుకుతుంది. టెక్కలి దొరకదు. కవిటి, కంచిలి, మెళియాపుట్టి, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, నందిగాం ఏవీ దొరకవు. సంతబొమ్మాళి దొరకదు. ఖాళీకో కామాకో ముందు ఇవి ఎన్నిసార్లు వచ్చినా ఫలితం సున్నే. అకారంతో ముగిసే పేరు బతుకుతుంది. తక్కిన అచ్చులతో, సున్నతో ముగిసేవన్నీ పోతాయి. తెలుగు అజంత భాష అని మనం పాఠాల్లో గర్వంగా చెబుతాం. ఆ అజంతత్వమే ఇక్కడ ప్రతి పదాన్నీ తోక తెగినదానిగా చూపుతోంది. ఈ గ్రంథాలయం చేసిన నిర్వచనం యూనికోడ్ మార్గదర్శకాలకు విరుద్ధమని 2011లోనే దాని నిర్మాతల వద్ద ఫిర్యాదు నమోదైంది. చిహ్నాలను పదాంగాలుగా లెక్కించాలని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

దొరకనివి ఒక ఎత్తు, దొరికేవి మరొక ఎత్తు. ‘సంత’ అనే మాటను పూర్తిపదంగా వెతికాను. ‘సంతలో’, ‘సంతకు’, ‘సంతలు’ రాలేదు. ‘త’ తరువాత అక్షరమే ఉన్నది కదా. ‘సంతోషం’, ‘సంతానం’, ‘సంతృప్తి’ వచ్చాయి. వాటిలో ‘త’ తరువాత ఉన్నది చిహ్నం. ‘కల’ను వెతికితే ‘కలలు’ రావు, ‘కలుపు’, ‘కలిసి’, ‘కలెక్టరు’ వస్తాయి. ‘మేకలు’, ‘నూకలు’, ‘మొక్కలు’ కూడా వస్తాయి. ‘క’కు ముందున్న గుణింతమో పొల్లో యంత్రానికి ఖాళీతో సమానం. ఒక కవి స్వప్నచింతనపై ఇలాంటి పట్టికతో వ్యాసం వస్తే అందులో ఎన్ని కలలో ఎన్ని మేకలో తేల్చగల స్థితిలో పరిశీలకులు ఉన్నారా? జావాస్క్రిప్ట్‌లో పరిస్థితి ఇంకొక విధం. దాని పదసరిహద్దుకు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అధోరేఖ తప్ప మరేవీ తెలియవు. అక్కడ పలాస కూడా దొరకదు. అది కొంత నయం. అన్నీ సున్నలే వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. సగం వస్తేనే మోసపోతాం.

ఇక్కడ సాంకేతిక పరిజ్ఞానం ఉన్న మిత్రులు ఒక సమాధానం చెబుతారు. లోపం సాధనానిది, మంచి సాధనం వాడండి. పెర్ల్ భాష చిహ్నాలను పదాంగాలుగానే చూస్తుంది. పైథాన్‌లోనూ చిహ్నాలను గౌరవించే ప్రత్యామ్నాయ గ్రంథాలయం ఉంది. ఇవి నిజమే. నేను ఆ పని చేశాను కూడా. ఫలితం ఈ వ్యాసానికి అసలు కారణం.

సరైన సాధనం ‘ఉద్దానం’ అనే పూర్తిపదాన్ని చక్కగా పట్టింది. ప్రథమావిభక్తి రూపాలన్నీ వచ్చాయి. ‘ఉద్దానంలో’, ‘ఉద్దానంలోని’, ‘ఉద్దానంనుంచి’ పూర్తిగా మాయమయ్యాయి. వాటిలో ‘ఉద్దానం’ పదంలో భాగమే గాని పూర్తిపదం కాదు. ‘ఉద్దానాన్ని’, ‘ఉద్దానపు’, ‘ఉద్దానానికి’ రెండు సాధనాల్లోనూ రాలేదు. నేను మొదటే ఈ సాధనాన్ని వాడి ఉంటే ఏం రాసేవాణ్ణి? ఈ కథల్లో ఉద్దానం ఎప్పుడూ కర్తే, నేపథ్యంగా ఒక్కసారీ రాదు, నేలకు ఇంతటి కర్తృత్వం ఇచ్చిన సాహిత్యం మరొకటి లేదు అని మరింత సుందరమైన పేజీ రాసేవాణ్ణి. అదీ అబద్ధమే అయ్యేది. పాఠం ఒకటే, ప్రశ్న ఒకటే. ఒక సాధనం అధికరణాన్ని చూపింది, మరొకటి కర్తను చూపింది. రెండూ తమ నిర్వచనానికి నిజాయితీగా కట్టుబడ్డాయి. నిర్వచనం నాది కాదు. నా లోపం తప్పుడు సాధనాన్ని ఎంచుకోవడం కాదు. ‘పూర్తి పదం’ అన్న మాటను ఒక సిద్ధాంతంగా గాక ఒక మీటగా భావించడం.

అందుకే ‘ఇది కంప్యూటరు వాళ్ల పని’ అనే మాటను అంగీకరించలేను. పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది తెలుగు వ్యాకరణం పుట్టినప్పటి నుంచి మన ప్రశ్న. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి సంధి పరిచ్ఛేదానికి ఇచ్చిన స్థానం చూసినా తెలుస్తుంది. రెండు పదాలు కలిసినప్పుడు ఏ అచ్చు పోతుంది, ఏ హల్లు మారుతుంది, ఏది ఆదేశంగా వస్తుంది అన్న సూత్రాలన్నీ పదసరిహద్దును గురించినవే. ‘తండ్రి’ని ఎంత మంచి సాధనంతో వెతికినా ‘తల్లిదండ్రులు’ రాదు. గసడదవాదేశం ‘త’ను ‘ద’ చేసింది. ‘కాయ’ను వెతికితే ‘కూరగాయ’ రాదు. ‘ఊరు’ను వెతికితే ‘ఊరి’, ‘ఊళ్లో’, ‘ఊళ్లు’ రావు. ఔపవిభక్తికాలను గురించి చదివినవారికి ఎందుకు రావో వేరే చెప్పనక్కరలేదు. ఈ జ్ఞానమంతా మన దగ్గర ఉంది. ఈ సూత్రాలను బోధించే అధ్యాపకుడు సాయంత్రం ‘ఊరు’ అనే మాటను పూర్తిపదంగా వెతికించి, వచ్చిన అంకెను వ్యాసంలో వేసుకుంటే, ఉదయం చెప్పిన పాఠాన్ని తానే నమ్మడం లేదన్నమాట.

రాతలోని అలవాట్లు దీనికి తోడు. పలాసలో జీడిపిక్కను ఒకరు కలిపి రాస్తారు, మరొకరు ‘జీడి పిక్క’ అని విడదీస్తారు. చిహ్నాలను విస్మరించే సాధనం కలిపి రాసినచోట ‘జీడి’ని పూర్తిపదమంటుంది, విడదీసినచోట కాదంటుంది. చిహ్నాలను గౌరవించే సాధనం సరిగ్గా తలకిందులుగా చెబుతుంది. రెండింటిలోనూ నిర్ణయం రచయితది కాదు, అక్షరకూర్పు చేసినవారి ఖాళీ మీటది. నౌపడా జంక్షన్ లాంటి మాటల్లో పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం కొందరి టైపింగులో చేరుతుంది, కొందరి టైపింగులో చేరదు. పుటమీద రెండు రూపాలూ ఒకేలా కనిపిస్తాయి, యంత్రానికి వేరువేరు.

పదవిశ్లేషిణులు ఉన్నాయి కదా అన్నది మరో ఆక్షేపణ. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, అక్కడి ట్రిపుల్ ఐటీలో తెలుగు పదనిర్మాణాన్ని విశ్లేషించే సాధనాలపై ఏళ్ల తరబడి కృషి జరిగింది. ఆ కృషి విలువైనది, వాడుకోదగినది. అయితే ప్రామాణిక రూపాలను ఆధారం చేసుకొని కట్టిన సాధనం ‘ఎల్లిపోనాడు’, ‘సెప్పినాను’ అన్న రూపాల ముందు ఏం చేస్తుందో పరీక్షించి చూడకుండా ఉత్తరాంధ్ర కథలకు దాన్ని అన్వయించలేం. మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో వెలువడింది. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో ఆ పదాలను జిల్లా జిల్లాకూ వెళ్లి సేకరించవలసి వచ్చింది. కాగితం మీద ఉన్న తెలుగు సరిపోదని ఆనాడే తెలుసు.

ఇదంతా పట్టికల గొడవే అయితే ఇంత రాయనక్కరలేదు. మా మండలంలో సముద్రానికి దగ్గరగా నీరు నిలిచే చిత్తడి నేలను ‘తంపర’ అంటారు. సోంపేట వైపు దాన్నే ‘బీల’ అంటారు. ఈ రెండు నేలలమీద థర్మల్ విద్యుత్ కేంద్రాలు కట్టబోయినప్పుడు జరిగిన ఉద్యమాల్లో సోంపేటలో 2010 జూలై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అది పనికిరాని బంజరా, చేపా పంటా పశువుల మేతా ఇచ్చే నేలా అన్నదే వివాదం. ప్రజలు ఆ నేలను ఏ పేరుతో పిలుస్తున్నారు, ఆ పేరు ఎంతకాలంగా రాతలో ఉంది, ఏ అర్థంలో ఉంది అన్నవి అప్పుడు నిఘంటుకారుల ముచ్చట మాత్రమే కావు.

మరి ‘తంపర’ను ఎలా వెతకాలి? పూర్తిపదంగా వెతికితే ‘తంపరలో’, ‘తంపరలు’, ‘తంపరభూములు’ పోతాయి. రైతు ఈ మాటను విభక్తి లేకుండా పలికేది అరుదు. ఊరికే అక్షరాల వరుసగా వెతికితే ‘తామరతంపరగా’ అన్నవన్నీ వచ్చి పడతాయి. అందులో మా నేల లేదు, అభివృద్ధి చెందడమనే జాతీయం ఉంది. ‘తంపర’తో మొదలయ్యే మాటలను మాత్రమే తెమ్మంటే, ‘తామర తంపరగా’ అని విడదీసి రాసినవి మళ్లీ వస్తాయి. ‘బీల’ కథ ఇంకా చిత్రం. అక్షరాల వరుసగా వెతికితే ‘రబీలో’ అన్న ప్రతి చోటూ దొరుకుతుంది. వ్యవసాయ వ్యాసాలున్న పాఠరాశిలో అసలు బీలలు ఆ రబీ కింద కనిపించకుండా పోతాయి. చిహ్నాలను విస్మరించే ఆ మొదటి సాధనం, సంధి జరిగిన ‘తంపరంతా’ అన్న రూపాన్ని మాత్రం పట్టింది. సున్నను అది ఖాళీగా భావించింది గనుక. తప్పు దారిలో వెళ్లి సరైన ఇంటికి చేరడం అంటే ఇదే. సంతోషించాలో లేదో నాకు తెలియలేదు.

చివరకు నేను చేసింది ఇది. ‘తంపర’ ఏ రూపాల్లో రాగలదో ముందు కాగితం మీద రాసుకున్నాను: ఏకవచన బహువచనాలు, విభక్తులు, అచ్చుతో మొదలయ్యే మాట పరమైనప్పటి సంధి రూపాలు, సమాసాలు. ఆ పట్టిక ప్రకారం సరిహద్దులను నేనే నిర్వచించాను. ఎడమవైపు తెలుగు అక్షరంగాని చిహ్నంగాని ఉండకూడదని, కుడివైపు నా పట్టికలోని రూపాలు మాత్రమే ఉండవచ్చునని ఆదేశం రాశాను. అంతకుముందు పాఠమంతటినీ ఒకే సంకేతరూపంలోకి మార్చి, కనిపించని విభాజకాలను తొలగించాను. ఆదేశం తెచ్చిన ప్రతి వాక్యాన్నీ చదివాను. ఆదేశం వదిలేసినవేమిటో తెలుసుకోవడానికి కొన్ని పుటలను యంత్రం లేకుండా చదివి పోల్చాను. ఈ నాలుగు పనుల్లో మూడు వ్యాకరణం, పఠనం. యంత్రానికి చెందినది ఒక్కటే.

విభాగాలను నేను కోరేది ఇంతకన్నా ఎక్కువ కాదు. పదగణనపై ఆధారపడే వ్యాసంలో వెతకడానికి వాడిన ఆదేశాన్ని అక్షరాలా ఇవ్వాలి. సాధనం పేరు, వెర్షన్ ఇవ్వాలి. పదాంగమంటే ఏమిటన్న నిర్వచనం ఒకే సాధనపు రెండు వెర్షన్ల మధ్య కూడా మారవచ్చు. పరిశోధకుడు దేన్ని పదంగా తీసుకున్నాడో ఒక వాక్యంలో చెప్పాలి. సున్న వచ్చినప్పుడు, ఆ మాట ఉన్నదని ముందే తెలిసిన ఒక పుటపై అదే ఆదేశాన్ని నడిపి చూపాలి. పత్రికల పరిశీలకులు ఇవి లేని అంకెను తిప్పిపంపాలి. ఎం.ఏ. స్థాయిలో సంధి ప్రకరణం చెప్పే తరగతిలోనే ఒక గంట ఈ ఆదేశాలను రాయించవచ్చు. గసడదవాదేశానికి రెగెక్స్ రాయమంటే సూత్రం ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇవన్నీ యువ పరిశోధకులకు భారమన్న మాట ఒక సదస్సులో విన్నాను. ఈ జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి తన వాదానికి ప్రాచీన కావ్యాల నుంచి ప్రయోగాలను ఏరి, ఆకరాలతో సహా ముందుపెట్టారు. ప్రతి ప్రయోగాన్నీ ప్రత్యర్థి పుట తిప్పి సరిచూసుకోగలడు. నేడు మన పట్టికలోని అంకెను ప్రత్యర్థి ఎలా సరిచూసుకోవాలి? ఆదేశం ఇవ్వని అంకెకు ఆకరం లేదు. ఆకరం లేని ప్రయోగాన్ని మనం వ్యాసంలో వేయనివ్వం.

సిద్ధాంత గ్రంథంలోని ఆ పేజీని తీసేశాను. దాని స్థానంలో ఉద్దానం కర్తగా వచ్చిన వాక్యాలను, అధికరణంగా వచ్చిన వాక్యాలను విడివిడిగా, పుటసంఖ్యలతో, వాటిని తెచ్చిన ఆదేశంతో సహా ఇచ్చాను. రెండూ ఉన్నాయి. కొన్ని కథల్లో ఒకే పేరాలో ఉన్నాయి. ఆ రెండింటి మధ్య రచయితలు ఎందుకు, ఎప్పుడు మారుతున్నారన్న ప్రశ్న ఇప్పుడు మొదలైంది.